బెల్లం రంగు కుక్క, దాని చెవులు

ముందే చెప్పేస్తున్నాను, కుక్కల గురించి నాకు ఓనమాలు కూడా రావు. పసిపిల్లలకి నీళ్లు పోయడం గురించి అడగండి, గంటసేపు చెప్తాను. పెనుగొండ దగ్గర పల్లెటూరు మాది. మా వీధిలో ఈ ముప్ఫై ఏళ్లలో పుట్టిన పిల్లల్లో సగం మందికి పసినాటి స్నానాలు నా చేతుల మీదుగానే జరిగాయి. పీట వేసుకుని, కాళ్లు బారజాపి, బిడ్డని కాళ్ల మీద పడుకోబెట్టుకుని, ఒళ్లంతా నూనె పట్టించి, చెవుల్లో రెండేసి చుక్కలు వేసి, సున్నిపిండితో నలిచి, గోరువెచ్చని నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ పట్టి పడుకోబెట్టానంటే ఆ బిడ్డ సాయంత్రం దాకా కిక్కురుమనకూడదు. "ఆవిడ చేతి చలవండీ" అని అమ్మమ్మలు అంటుంటే, "అబ్బే, నాదేముందమ్మా" అనేదాన్ని గానీ లోపల్లోపల పొంగిపోయేదాన్ని. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోను, ఆ మాటొక్కటి చాలు నాకు.

కడియంలో మా అన్నయ్యకి పూల మొక్కల నర్సరీ ఉంది. మూడేళ్ల కిందట ఓ రోజు ఫోన్ చేసి, "చెల్లాయ్, ఓ కుక్కనిస్తాను, పట్టుకుపోతావా?" అన్నాడు.

"ఏంటన్నయ్యా, గేదెల చాకిరీ చాలక కుక్క కూడానా?" అన్నాను.

"నువ్వోసారి వచ్చి చూడు, తర్వాత తిట్టు" అన్నాడు.

మా ఆయనా నేనూ కారేసుకుని వెళ్లాం. గులాబీ మొక్కల సంచుల మధ్య బెల్లం రంగు కుక్క ఒకటి ముక్కు నేలకి రాసుకుంటూ వరస వరసా గాలిస్తోంది. చెవులు రెండూ మెడ దాటి వేలాడుతున్నాయి. తోక ఒక్క క్షణం ఆగితే ఒట్టు. ఆ ఒక్క పొద్దుటే నలభై సంచులు దొర్లించేసిందట. ప్రతి సంచి కిందా ఎలకో తొండో ఉండితీరుతుందని దాని నమ్మకం. "ఎవరో షావుకారు బెంగళూరు నుంచి మొక్కల కోసం వచ్చినప్పుడు ముచ్చటపడి ఇచ్చాడు. కాకర్ స్పానియల్ అంటారంట. ఏడాది వయసు. బంగారంలాంటి జాతే గానీ చెల్లాయ్, ఇది ఇక్కడుంటే లారీ ఎక్కేది మొక్కలు కాదు, నేనే" అన్నాడు అన్నయ్య.

నేను నవ్వుతుంటే అది వచ్చి నా కుచ్చిళ్ల మీద గడ్డం ఆనించి పైకి చూసింది. ఆ చూపుంది చూశారూ, బాబోయ్! వద్దనడానికి నాకు నోరు రాలేదు. కారులో నా ఒళ్లో ఒళ్లు తెలీకుండా నిద్రపోయి, నిడదవోలు రైలు గేటు దగ్గర మాత్రం టక్కున లేచి, బజ్జీల బండి వైపు చూస్తూ నాలుగు రోజులుగా తిండి లేనిదానిలా మొహం పెట్టింది. ఇంటికొచ్చాక పేరు కోసం చుట్టాలందరూ తలో పేరూ చెప్పారు, ఒక్కటీ నిలవలేదు. "అమ్మాయ్" అంటే పలికేది. అదే ఖాయమైపోయింది.

మా ఆయనకి ఊరవతల రెండు చేపల చెరువులున్నాయి. చెరువున్నవాళ్లకి పిట్టల బాధ చెప్పక్కర్లేదు. నీటికాకులు గుంపుగా దిగితే పిల్ల చేపల్ని ఊడ్చుకుపోతాయి. డబ్బా మోగిస్తే లేస్తాయి, మనం అవతలి గట్టుకి చేరేసరికి ఇవతలి గట్టు జమ్ములో మళ్లీ దూరి కూర్చుంటాయి. మా ఆయన రోజూ పొద్దున్నే నూనె డబ్బా ఒకటి వాయించుకుంటూ గట్ల చుట్టూ తిరిగేవారు. "ఏంటి బాబాయ్, దండోరానా?" అని దారిన పోయేవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. రెండో రోజు కుక్క కూడా ఆయన వెంట పడి వెళ్లింది.

మా ఆయన ఎవర్నీ పొగిడే మనిషి కాదు. పెళ్లయ్యాక ఆయన నోట పొగడ్త రెండే రెండుసార్లు విన్నాను, రెండూ గేదెల గురించే. ఆ రోజు ఇడ్లీ ముందు పెట్టుకుని, తినడం మర్చిపోయి ఒకటే చెప్పడం. "తస్సాదియ్యా, నువ్వు చూడాల్సింది! ఎవరు నేర్పారే దానికి? జమ్ములోకి దూరింది, పదిహేను నీటికాకుల్ని లేపింది, ఒక్కదాన్ని కూడా నోటితో తాకలేదు. లేపేసి, చతికిలబడి కూర్చుని, అవి ఎగిరిపోతుంటే చూస్తూ కూర్చుంది!"

అన్నయ్యకి ఫోన్ చేస్తే అప్పుడు చెప్పాడు, ఈ జాతిని పెంచిందే దానికోసమట. పొదల్లో నక్కిన పిట్టల్ని వాసన పట్టి లేపడం, నీళ్లలోంచి వస్తువు తెమ్మంటే తేవడం. మనం ముద్దుకి పెంచుకునే కుక్కనుకుంటాం గానీ పుట్టుక మాత్రం పనికోసం. మర్నాడు నేనూ వెళ్లి చూశాను. మా ఆయనకి పాతిక అడుగులు దాటి పోదు. ఇటు పది అడుగులు, అటు పది అడుగులు, తుంగ దుబ్బు ఒక్కటి వదిలిపెట్టకుండా పోతుంది. పిట్ట వాసన తగిలిందంటే తోక ఊగే వేగం మారిపోతుంది. ఆ తోక చూసే, "ఇదిగో, ఇప్పుడు లేస్తుంది చూడు" అని మా ఆయన ముందే చెప్పేసేవారు. ఆ తర్వాత ఠపఠపా రెక్కల చప్పుడు. నీళ్లంటే దానికి ప్రాణం. ఎండలో, వానలో, గుర్రపుడెక్క అల్లుకుపోయినచోట కూడా దభీమని దూకేసేది.

నోట్లో రెండు వేళ్లు పెట్టి ఈల వేయడం మా ఆయనకి చిన్నప్పట్నుంచీ వచ్చు. పొట్టి ఈల వేస్తే ఉన్నచోట కూర్చోవాలి. పొడుగు ఈల వేస్తే వెనక్కి రావాలి. పది రోజుల్లో నేర్చేసుకుంది. కొట్టింది లేదు, తిట్టింది లేదు. గొంతు పెంచితే మాత్రం ఆ పూటంతా అలిగి మంచం కింద దూరేది. అన్నం దగ్గరకి కూడా బతిమాలితేనే గానీ వచ్చేది కాదు. మెత్తని ప్రాణం. "ముప్ఫై ఏళ్లుగా చెప్తున్నాను, తువ్వాలు తలుపు మీద వెయ్యొద్దని. మీకు రాలేదు. దాన్ని చూసి నేర్చుకోండి" అనేదాన్ని మా ఆయనతో.

ఓ రోజు గట్టు మీద నుంచి ఏదో నోట కరుచుకుని ఇంటిదాకా పరిగెత్తుకొచ్చింది. నా చేతిలో పెడితే చూద్దును కదా, బాతుగుడ్డు! చిన్న చీలిక కూడా లేదు. ఎక్కడో మేత బాతులు పెట్టిపోయిన గుడ్డు. అర కిలోమీటరు నోట్లో పెట్టుకుని పరిగెత్తినా పగలని గుడ్డు! ఆ దవడలు అంత నెమ్మది. నాకెంత గర్వమేసిందంటే, వీధిలో నలుగురికీ చూపించాకే ఆ గుడ్డు ఉడకబెట్టి దానికే పెట్టాను.

అంటే తప్పుల్లేవని కాదు. తిండి దగ్గర దానికి సిగ్గూ శరం లేవు. అట్లతద్దికి వాయనం ఇద్దామని పోసిపెట్టిన పదకొండు అట్లూ నేను చీర మార్చుకునేలోపు మాయమైపోయాయి. ముత్తయిదువ గుమ్మంలో నిలబడింది, ఇది మూతి నాక్కుంటోంది. ఆ తిండి యావకి ఊరుకుంటే డ్రమ్ములా తయారవుతుందని కొలిచి పెట్టేదాన్ని. రెండు పూటలే, ఉప్పూ కారం లేకుండా, ఉల్లిపాయ తగలకుండా. పళ్లెంలో పెడితే చెవులు రెండూ అన్నంలో మునిగిపోతాయి. లోతుగా, మూతి పట్టేంత సన్నగా ఉన్న గిన్నె ఒకటి వెతికి పెట్టాను. అయినా కూడా తినేటప్పుడు పాత జాకెట్టు గుడ్డతో చెవులు రెండూ నెత్తిమీద కట్టేదాన్ని. ముడితో అది తిరుగుతుంటే వీధిలో పిల్లలకి సినిమా అక్కర్లేదు.

చాకిరీ కూడా తక్కువేం కాదండి. కాళ్లకీ పొట్ట కిందా చెవులకీ పొడుగు వెంట్రుకలు. గట్టు మీద నుంచి వచ్చేసరికి పల్లేరుకాయలూ ఉత్తరేణి గింజలూ నిలువెల్లా అంటుకుని వచ్చేది. రోజూ దువ్వకపోతే రెండు రోజుల్లో జడలు కట్టేస్తాయి. వేళ్ల సందుల్లో వెంట్రుకలు కత్తిరించాలి, లేకపోతే బురద ఎండి గులకరాళ్లలా గట్టిపడి కుంటుతుంది. పిడుదులు ఏరాలి. నేను పీట మీద కూర్చుని దువ్వెన తీస్తే చాలు, వచ్చి నా చాపిన కాళ్ల మీద వెల్లకిలా పడుకునేది. అచ్చం పసిబిడ్డే. నాకింక చెప్పేదేముంది!

ఆదివారం ఆదివారం దానికి తలంటు మొదలుపెట్టాను. ఒంటికి కొబ్బరినూనె, చెవుల్లో రెండేసి చుక్కలు, సున్నిపిండి, వేన్నీళ్లు. చివర్న సాంబ్రాణి పొగ కూడా వేసేదాన్ని, అది తుమ్మినా సరే. ఎంతమంది బిడ్డల్ని పెంచిన చేతులు నావి! ఆ నూనెకి దాని ఒళ్లు మిలమిల మెరిసేది. మా ఆయన కూడా చూసి మురిసిపోయేవారు గానీ, ఆ వేళకి చెరువు దగ్గరే ఉంటారు కాబట్టి చెవుల్లో చుక్కల సంగతి ఆయనకి తెలీదు. నేనూ చెప్పలేదు. చెప్పేంత విషయమని ఎప్పుడూ అనిపించలేదు.

రెండో వానాకాలం వచ్చేసరికి చెవులు వాసన రావడం మొదలైంది. పులిసిపోయిన అట్లపిండి వాసన. అది తల విదిలించుకోవడం, చెవి నేలకేసి రాయడం చూసి, లోపలికి నీళ్లు పోయాయి కాబోలు అనుకున్నాను. మన ఇళ్లలో చెవిపోటు వస్తే ఏం చేస్తాం? వెల్లుల్లి రేకలు వేసి నూనె కాచి, చల్లార్చి వేస్తాం. నేనూ అదే చేశాను. ఆదివారం ఒక్కటే కాదు, రోజు విడిచి రోజు. వెచ్చగా పడ్డప్పుడు అది కళ్లు మూసుకుని నా మోకాలి మీద తల వాల్చేది. హాయిగా ఉందనుకుని నేనూ సంబరపడ్డాను.

వినాయకచవితి దాటాక ఓ పొద్దున్న మా ఆయన గట్టు మీద నుంచి వచ్చి, "ఈలకి పలకడం లేదేంటో ఇది. మూడేసి సార్లు వేయాల్సొస్తోంది" అన్నారు. తణుకులో కుక్కల డాక్టరమ్మ దగ్గరకి తీసుకెళ్లాం. చిన్నపిల్ల, మా కూతురి వయసుంటుంది. చెవి మడిచి చూసి మొహం చిట్లించింది. చిన్న దీపం పెట్టి లోపలికి చూసింది. ఒక కాయితం మీద బొమ్మ వేసి చూపించింది. "మన చెవిలా నేరుగా ఉండదండి వీటికి. నిట్టనిలువుగా కిందకి దిగి, అక్కడ పక్కకి తిరుగుతుంది. లోపలికి వెళ్లిన తడి బయటికి రాదు. దానికి తోడు ఈ జాతికి బరువు చెవులు, లోపల కూడా వెంట్రుకలు. గాలి ఆడదు. మనదేమో ఉక్కపోత దేశం, ఇదేమో రోజూ చెరువులో ఈదుతుంది. అందుకే ఈ కుక్కలకి ముందు చెవులే చూసుకోవాలి" అంది. తర్వాత నా వైపు తిరిగి, "చెవిలో మీరేమన్నా వేస్తున్నారా అమ్మా? నూనెలూ పసుపూ అలాంటివి?" అని అడిగింది.

మా ఆయన పక్కనే ఉన్నారు. నేను, ఊరందరి పిల్లల్నీ కాళ్ల మీద వేసుకున్న మనిషిని. నా నోటెంట, "అబ్బే, ఏం వెయ్యట్లేదండి" అని వచ్చేసింది. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

చుక్కల మందిచ్చింది. పొద్దునా సాయంత్రం వెయ్యమంది, ఈతకి పంపొద్దంది. అన్నీ చేశాను. చేసి ఊరుకున్నానా? లేదు. ఆ మందు బాగా వేడి చేస్తుందేమో, చెవి ఎండిపోతుందేమో అని నాకు నేనే అనుకుని, ఆదివారం తలంటులో మళ్లీ రెండు చుక్కల వెల్లుల్లి నూనె. డాక్టరమ్మ ఎంత చదువుకున్నా చిన్నపిల్ల, తనకేం తెలుసు నా అనుభవం అని లోపల ఒక మాట ఉండేది. అదీ అసలు సంగతి. మూడు వారాలైనా తగ్గలేదు. "మందు పనిచెయ్యట్లేదే" అని మా ఆయన అంటుంటే నేను కూడా తల ఊపాను చూడండి, దానికి నన్ను ఏమన్నా పాపం లేదు.

ఆ తర్వాత పెద్ద చెరువులో చేపల పట్టుబడి రోజు వచ్చింది. వలలు లాగేవాళ్లూ, ఐసు పెట్టెలూ, గట్టు మీద చేపల వ్యాన్లూ. కాఫీ ఫ్లాస్కు పట్టుకుని నేనూ వెళ్లాను. కుక్క గట్టు వార తుంగలో ముక్కు పెట్టి దాని లోకంలో అది ఉంది. ఒక వ్యాను వెనక్కి వస్తోంది. మా ఆయన చూసి పొడుగు ఈల వేశారు. అది తల ఎత్తలేదు. మళ్లీ వేశారు. "అమ్మాయ్! అమ్మాయ్!" అని నేను గొంతు చించుకుని అరిచాను. తోక ఊగుతూనే ఉంది. ఏం వాసన తగిలిందో పాపం, సంతోషంగా వెనక్కి వెనక్కి చక్రం కిందకే వస్తోంది. ఎవరో వ్యాను మీద దబదబా బాదారు. ఆగింది. చక్రానికీ దాని నడుముకీ మధ్య జానెడు కూడా లేదు. అప్పుడు తిరిగి చూసి, అందరూ తన చుట్టూ మూగారని సంబరపడి తోక ఇంకా జోరుగా ఊపింది. నేను ఫ్లాస్కు పడేసి పరిగెత్తుకెళ్లి దాని మెడ పట్టుకున్నాను.

మా ఆయన పట్టుబడి పని వలలవాళ్లకి వదిలేశారు. దాన్ని ఎత్తుకుని ఇంటికి తెచ్చి, గేదె పలుపుతో వరండా స్తంభానికి కట్టేశారు. "చెవిటి కుక్కని గట్టు మీద వదిలి చంపుకోలేను. ఇంక ఇది ఇంట్లోనే" అన్నారు. అని, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయారు.

మొదటి రోజు అది ఆటనుకుంది. రెండో రోజు పొద్దున్న ఆయన తువ్వాలు భుజాన వేసుకుని గేటు తీస్తుంటే లేచి నిలబడింది, ఒళ్లంతా ఊపుకుంటూ. ఆయన దానివైపు చూడకుండా వెళ్లిపోయారు. పలుపు ఎంత సాగుతుందో అంత ముందుకెళ్లి, మెడ లాక్కుంటూ, గేటు వైపు మొహం పెట్టి ఎండ వరండా దిగేదాకా అలాగే నిలబడింది. మొరగలేదు. ఏడవలేదు. నేను గిన్నె తెచ్చి పెడితే వాసన కూడా చూడలేదు. పదకొండు అట్లు ఒక్క ఊపులో తినేసిన కుక్క! మూడో రోజూ అంతే. నెయ్యి వేసి కలిపినా, ముద్ద చేసి నోటికి పెట్టినా మొహం తిప్పేసుకుంది. దాన్ని పుట్టించిందే పరిగెత్తడానికి. నేను దాన్ని స్తంభానికి కట్టించాను. ఆ పలుపు కట్టింది మా ఆయన చేతులే గానీ, ముడి వేసింది నేను. గిన్నె పక్కన పెట్టి ఆ స్తంభానికే ఆనుకుని ఏడ్చాను.

"పదండి, తణుకు వెళ్దాం" అన్నాను మా ఆయనతో. "మొన్ననే వెళ్లాంగా?" అన్నారు. "పదండి" అన్నాను.

డాక్టరమ్మ మళ్లీ దీపం పెట్టి చూసింది. "లోపలంతా జిడ్డు. కర్ణభేరి కనపడట్లేదు. నేనిచ్చిన మందు ఇలా ఉండదు. నాకేం అర్థం కావట్లేదండి" అంది నిజంగానే దిగులుగా. అప్పుడు చెప్పాను. నూనె వేశానని, వచ్చినప్పట్నుంచీ ప్రతి ఆదివారం వేశానని, వెల్లుల్లి నూనె రోజు విడిచి రోజు వేశానని, మీరు మందిచ్చాక కూడా వేశానని, అడిగితే అబద్ధం చెప్పానని. అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆపితే మళ్లీ చెప్పగలనో లేదోనని భయం.

 మా ఆయన నేల చూస్తున్నారు. డాక్టరమ్మ చేతిలో దీపం ఆర్పేసి, "నాకు కోపం వచ్చిందమ్మా, దాచను. మూడు వారాలు ఊరికే పోయాయి. అయినా చెప్పారు కదా, ఇప్పుడు ఏం చెయ్యాలో నాకు తెలుసు" అంది. మత్తిచ్చి రెండు చెవులూ లోపలిదాకా కడగాలంది. కడిగింది. మేం బయట బల్ల మీద రెండు గంటలు కూర్చున్నాం.  చివరికి మా ఆయన, "నాతోనైనా చెప్పొచ్చుగా" అన్నారు. తిట్టినా బాగుండేది. ఆ మాట అన్నాక నా చెయ్యి పట్టుకున్నారు, బస్టాండుల్లో కూడా ఎప్పుడూ పట్టుకోని మనిషి.

కుడి చెవి బాగుపడింది. ఎడమ చెవిలో కర్ణభేరి పోయింది. "ఆ చెవితో ఇంక వినపడదండి" అంది డాక్టరమ్మ. ఒక చెవితో శబ్దం వినిపిస్తుందిగానీ, అది ఎటునుంచి వచ్చిందో తెలియడానికి రెండు చెవులూ కావాలట. ఈల వింటుంది, ఎక్కడ వేశారో పోల్చుకోలేదు. అదీ నా చేతి చలవ.

ఆ తర్వాత ఆ చెవుల పని నేనే చేశాను. డాక్టరమ్మ నేర్పినట్టే, నా తెలివి ఒక్క చుక్క కలపకుండా. చెవి మడిచి లోపలి వెంట్రుకలు కత్తిరించడం, కడిగే మందు వేసి చెవి మొదలు వేళ్లతో నలిపి, పైకొచ్చిన మడ్డిని దూదితో తుడవడం, దూది లోపలికి తొయ్యకపోవడం, నీళ్లలోంచి రాగానే పొడిగుడ్డతో ఒత్తి ఆరబెట్టడం, వాసన చూసుకోవడం. మొదటిసారి సీసా మీద రాసింది రెండుసార్లు చదువుకున్నాను. ముప్ఫై ఏళ్లలో ఏ బిడ్డ దగ్గరా ఏదీ చదివి చెయ్యని మనిషిని. నొప్పి పెట్టిన చేతిని చూసి పారిపోతుందేమో అనుకున్నాను. అది నడుచుకుంటూ వచ్చి, నా కాళ్ల మీద పడుకుని, ఆ పాడైన చెవే పైకి పెట్టింది. ఇంత నమ్మకం ఏ జాతికి ఉంటుందో నాకు తెలీదు. నేను మాత్రం దానికి తగను.

ఆ నెలలోనే ఎదురింట్లో మనవరాలు పుట్టింది. నీళ్లు పోయడానికి పిలిచారు. నూనె గిన్నె అందిస్తూ వాళ్ల అమ్మమ్మ, "చెవుల్లో కూడా రెండు చుక్కలు వెయ్యండమ్మా" అంది. "వెయ్యనండి. ఆ డాక్టరమ్మ మాట విన్నాక ఇంక ఏ చెవిలోనూ వెయ్యను. మా కుక్కకి చెవి పోయింది నా వల్లే" అన్నాను. "చాల్లెండి, కుక్కకీ బిడ్డకీ పోలికేంటి?" అంది ఆవిడ. "చేతులు నావేగా" అన్నాను. ఆ సాయంత్రానికి ఆ మాట వీధంతా పాకిపోయింది. పాకనీ అనుకున్నాను.

తణుకు నుంచి రాగానే మా ఆయన దాన్ని మళ్లీ స్తంభానికే కట్టారు; విప్పాలా వద్దా అని మా ఇద్దరికీ వారం రోజులు వాదన జరిగింది. మా ఆయన వద్దంటే వద్దన్నారు. "రేపు వ్యాను కింద పడితే ఎవరు సమాధానం చెప్తారు?" అన్నారు. "బండ్లు వచ్చే రోజున విప్పొద్దు. మిగతా రోజుల్లో నేనొస్తాను గట్టు మీదకి. మీరు ఈల వెయ్యండి, నేను దానికి కనపడేచోట నిలబడి చెయ్యి ఊపుతాను. ఇలా కట్టి ఉంచితే వ్యాను అక్కర్లేదు, ఇక్కడే పోతుంది" అన్నాను. రెండు ముద్దలు ముట్టి వదిలేసిన అన్నం గిన్నెలో అలాగే ఉంది. ఆయన దానివైపు ఓసారి చూసి, లేచి వెళ్లి పలుపు విప్పేశారు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే నేనూ గట్టు మీదే. మోకాళ్లు నొప్పులు, చెప్పులకి బురద, అయినా మానను. కుక్క అంతకుముందులాగే గాలిస్తుంది, పిట్టల్ని లేపుతుంది, చతికిలబడి వాటిని సాగనంపుతుంది. ముక్కు ముక్కే, తోక తోకే, పనిలో రవ్వంత తగ్గలేదు. కానీ మా ఆయన పొడుగు ఈల వేసినప్పుడు చూడాలి. తుంగలోంచి తల పైకి లేస్తుంది. ముందు చెరువు వైపు చూస్తుంది. అక్కడెవరూ ఉండరు. అవతలి గట్టు వైపు చూస్తుంది, కొబ్బరిచెట్ల వైపు చూస్తుంది, ఉన్నచోటే ఒక చుట్టు తిరుగుతుంది. నేను రెండు చేతులూ ఎత్తి ఊపుతుంటాను. కనపడగానే, నేను దొరికానని ఎంత సంబరమో దానికి! చెవులు ఎగరేసుకుంటూ, తడి ఒళ్లంతా నా చీరకి పూసేస్తూ వచ్చి మీద పడుతుంది. రోజూ అంతే సంబరం. దాన్ని అలా నాలుగు దిక్కులూ వెతుక్కునేలా చేసింది నేనేనని దానికి తెలీదు.